ప్యాంటు మడతలో ఎర్రమట్టి

పోయిన వారం మీరు నన్ను ఖాళీ ట్రంకుపెట్టె ముందు వదిలేసి వెళ్ళారు. నేనింకా అక్కడే ఉన్నాను. పెట్టె కూడా ఇంకా ఖాళీగానే ఉంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకోసం నాలుగు మాటలు. నా పేరు మనోరమ. హైదరాబాదులో బి.ఏ. చదివి, నాలుగు నెలల కిందట తాండూరు కోడలినయ్యాను. మా వారు బాల్‌రాజ్ బండల గనిలో సూపర్‌వైజరు. పెళ్ళయిన నెలకే నేను స్టేషన్ రోడ్డులో భీమప్ప మాస్టారి కుట్టు దుకాణంలో శిష్యురాలిగా చేరాను. జాకెట్లు కుట్టడానికి కాదు, సినిమాల్లో మనుషులు వేసుకునే బట్టలు తయారుచెయ్యడం నేర్చుకోవడానికి. మాస్టారు నాటకాల కంపెనీల్లో ఇరవై ఏళ్ళు, మద్రాసు స్టూడియోల్లో పదేళ్ళు అదే పని చేశారు. చూపు మందగించిందని అక్కడివాళ్ళు పంపేస్తే ఏడేళ్ళ కిందట తాండూరు తిరిగొచ్చారు.

రేపు ఆదివారం మద్రాసు పిక్చరు కంపెనీ ఒకటి వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో షూటింగు మొదలుపెడుతోంది. మాస్టారు రాసిన ఉత్తరానికి ఆ కంపెనీలో దుస్తుల పని చూసే పెద్దావిడ జవాబిచ్చింది. "మీ శిష్యురాలి పని ఒక్కటి చూపించండి. నచ్చితే ఏడాది నా దగ్గర ఉంచుకుని నేర్పిస్తాను." ఏం చెయ్యాలో కూడా రాసింది. గొర్రెలు కాసే పిల్ల మూడేళ్ళుగా కడుతున్న లంగా కావాలి. అది కొత్త బట్టతోనే చెయ్యాలి.

నలభై రోజులు చేశాను. నేతబట్ట కొని, కరక్కాయ నీళ్ళలో ఉడికించి, చౌడుమట్టితో ఉతికి, ఇటుక పెళ్ళతో రుద్దాను. అంతటా కాదు. గొర్రెపిల్లను ఎత్తుకునే ఎడమ నడుము దగ్గర, కూర్చున్నప్పుడు రాయి తగిలే వెనకవైపు, ముళ్ళు పట్టుకునే అంచు దగ్గర. బొందు దూర్చేచోట చెమట జిడ్డు కోసం ఆముదం రాశాను. బుధవారం పొద్దున ట్రంకుపెట్టె తెరిచి చూస్తే లంగా లేదు.

ఇవాళ శనివారం.

ఈ నాలుగు రోజుల్లో నేను అనుమానించని మనిషి లేడు. పాలు పోసే బీరమ్మ చెంగు కిందికి తొంగిచూశాను. పక్కింటివాళ్ళ దండెం మీద ఆరేసినవన్నీ లెక్కపెట్టాను. మా అత్తమ్మ సుమిత్రమ్మ పాపం నాతోపాటు ఇల్లంతా వెతికింది. వెతుకుతూ వెతుకుతూ మధ్యలో "నా కొత్త సత్తు చెంబు ఏడవాయెనే" అని అదీ వెతకడం మొదలుపెట్టింది. సోమవారం ఆమె ఎక్కడినుంచో తెచ్చుకున్న చెంబు అది. నా ముఖం అందులో గుమ్మడికాయలా కనిపిస్తే ఎంత నవ్వుకున్నానో! గురువారం పొద్దున్నుంచి అదీ లేదు. ఒక ఇంట్లో ఒకే వారం లంగా పోయింది, చెంబు పోయింది. నాకు నిద్ర కూడా పోయింది.

బుధవారమే మాస్టారి ముందు కూర్చుని ఏడుస్తూ చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, పంచె కొంగుతో చాలాసేపు తుడిచారు.

"ఏనవ్వా, పోతే పోయింది," అన్నారు చివరికి. సగం కన్నడం, సగం తెలుగు ఆయనది. "నలభై రోజుల పని నాలుగు రోజుల్ల అయితదా? ఊకో."

ఓదార్పు అనుకున్నాను.

ఆయన దుకాణంలో నాకు చాలా ఇష్టమైన వస్తువు ఒకటుంది. గోడకు తగిలించిన మద్రాసు కోటు. ముదురు బూడిదరంగు, మీద దుమ్ము పడకుండా పాత దుప్పటి ముక్క కప్పి ఉంటుంది. నాలుగు గుండీల్లో రెండు ఊడిపోయాయి. "నేను కుట్టిస్త మాస్టారూ" అని ఎన్నిసార్లు అడిగినా వద్దంటారు. "మళ్ళ మద్రాసు బండి ఎక్కే దినం నేనే కుట్టుకొని తొడుగుత" అంటారు. అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఆయన నేర్పిన మొదటి పాఠం కత్తెర కాదు, సూది కాదు. పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆడవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, ఆ బట్టల కుప్ప ముందు కూర్చోబెట్టారు. ప్రతి వారం ఆయన వాళ్ళను వెతుక్కుంటూ తాండూరో వికారాబాదో వెళ్తారు. ఒక్కో బట్టా నా చేతికిచ్చి "ఇది తొడిగినోడు ఏం పని చేస్తడు? ఏ చేత్తోని? ఏ ఊర్ల?" అని అడిగేవారు. మొదటి వారం ఒక్కటీ చెప్పలేకపోయాను. మూడో నెలకు, చొక్కా భుజం చూసి వాడు కావడి మోసేవాడని చెప్పినప్పుడు ఆయన నాకు జిలేబీ కొనిపెట్టారు. పది మందిలో, రోడ్డు మీద నిలబడి తిన్నాను. ఇంత సంతోషం బి.ఏ. పట్టా పుచ్చుకున్నప్పుడు కూడా కలగలేదు.

ఆ పాఠం ఒకరోజు మా వారి ప్యాంటు మీద వాడవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఈ సాయంత్రం ఐదు గంటలకు ఆయన ఇంటికొచ్చారు. "గనిల మస్తు పని పడ్డదివాళ" అంటూ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. ప్యాంటు దాని మీద వేసి, తువ్వాలు చుట్టుకుని పెరట్లోకి స్నానానికి వెళ్ళారు. నీళ్ళు పోసుకుంటూ ఆయన పాడే పాట సగం వరకే వస్తుంది ఆయనకు. ఆ సగమే మళ్ళీ మళ్ళీ పాడతారు. మామూలు రోజైతే నేను తలుపు చాటున నిలబడి మిగతా సగం అందుకునేదాన్ని.

ఇవాళ చొక్కా అందుకున్నాను.

గని నుంచి వచ్చిన చొక్కా ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాలుగు నెలలుగా ఉతుకుతున్నాను. బండ కోసినప్పుడు లేచే తెల్లటి పిండి కాలరు మడతల్లోకి చేరి, నీళ్ళు తగలగానే జిగటగా అవుతుంది. ఈ చొక్కా కాలర్లో పిండి లేదు. కుడి భుజం మీద మాత్రం ఆవగింజంత నల్లటి నలుసులున్నాయి. వేలితో నొక్కితే నుసి అయింది. రైలింజను బొగ్గు! కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళ మీదే పడుతుంది అది.

కింద పాత పేపరు పరిచి, ప్యాంటు కాళ్ళ దగ్గరి మడతలు విప్పి దులిపాను.

ఎర్రమట్టి! కుంకుమంత మెత్తగా కాదు, చిన్న చిన్న గరుకు రాళ్ళతో. మా తాండూరు చుట్టూ నల్లరేగడి, తెల్ల బండ తప్ప వేరే ఏముంది? ఇలాంటి ఎర్రమట్టి వికారాబాదుది. పెళ్ళయిన కొత్తలో అనంతగిరి గుడికి వెళ్ళొస్తే నా తెల్లచీర అంచును మూడు ఉతుకులకు గాని వదల్లేదు.

జేబులో చెయ్యి పెట్టాను. నల్లగా, నున్నగా రెండు సీతాఫలం గింజలు. ఒంటరిగా తిన్నారు! నాకు తేకుండా! నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఎర్రమట్టి కన్నా ఆ గింజలే నన్ను ఎక్కువ ఏడిపించాయి.

పాట ఆగింది. ఆయన తల తుడుచుకుంటూ లోపలికొచ్చి, నేల మీద పేపరు, దాని మీద మట్టి, మట్టి పక్కన గింజలు చూశారు.

"ఏంది మనూ గిది? బొమ్మరిల్లు కడ్తున్నవా?"

"గనిల తెల్లబండ తీస్తుండ్రా, ఎర్రమట్టి తీస్తుండ్రా?" అన్నాను.

"గదేం ప్రశ్న?"

"జవాబు చెప్పుండ్రి. ఇయ్యాల మీరు గనికి పోలే. బండెక్కి కిటికీ పక్కన కూసున్నరు, ఇంజను దిక్కు మొఖం పెట్టి. వికారాబాదుల దిగి మస్తు నడిచిండ్రు. సీతాఫలం తిన్నరు. ఒక్కరే."

ఆయన పేపరు మీది గింజల్ని, నన్ను మార్చి మార్చి చూశారు. "నువ్వు మాస్టారి కాడ కుట్టుడు నేర్సుకుంటున్నవా, సీఐడీ పని నేర్సుకుంటున్నవా?"

"నవ్వకుండ్రి."

"నవ్వుతలే. భయపడ్తున్న."

నాకూ నవ్వు రాబోయింది. పెదవి కొరికి ఆపుకున్నాను. నాలుగు రోజులుగా లోపల దాచుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చేసింది.

"నేను మద్రాసు పోవుడు మీకు ఇష్టం లేదు. గా ముక్క నా మొఖం మీద చెప్పొచ్చు గద! 'పో మనూ, పో మనూ' అని అందరి ముంగట అనుడెందుకు, లంగ తీస్కపోయి వికారాబాదుల దాచుడెందుకు? నలభై రోజులు నా చేతులు ఎట్లయినయో మీరు చూసిండ్రు. కొబ్బరినూనె మీరే రాసిండ్రు!"

ఆయన ముఖంలో అల్లరి పోయింది. తువ్వాలు భుజం మీద వేసుకుని నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"ఇష్టం లేదు," అన్నారు. "ఏడాదంటే మాటలా? పెండ్లాన్ని తెచ్చుకొని నాలుగు నెల్లు కాలే. పొద్దుగాల ఎవ్వరిని సతాయించాలె నేను? గని కాడ బండలనా? ఇష్టం లేదు. కాని పొమ్మన్న. రెండూ నిజమే. లంగ మాత్రం నేను దాచలే."

"మరి వికారాబాదు?"

"పోయిన. ఇయ్యాల ఒక్కనాడే కాదు. బేస్తారం పోయిన. నిన్న మర్పల్లి దాంక పోయిన. గనిల సెలవు పెట్టిన."

"ఎందుకు?"

ఆయన వంటింటి వైపు చూశారు. గొంతు తగ్గించారు. "జర మెల్లగ. అమ్మ ఇంటది."

అంతే. ఆ మాట వినగానే వంటింట్లోంచి అత్తమ్మ బయటికొచ్చింది. "ఏం ఇంటా? నా ఇంట్ల నాకు తెల్వకుంట ఏం మాట్లాడుకుంటుండ్రు మీరిద్దరు?"

ఆయన తల పట్టుకున్నారు. తప్పదనుకున్నారో ఏమో, తల్లివైపు తిరిగి అడిగారు. "అమ్మా, సోమారంనాడు గిన్నెల భాగమ్మకు ఏమేం పాతబట్టలు ఏసి చెంబు తీస్కున్నవు?"

"ఏమున్నయి? మీ నాయిన ధోతులు రెండు, నీ చినిగిన అంగి. గవ్వి చాలవన్నది. అప్పుడు..." అత్తమ్మ నా వైపు చూసి మాట మింగింది. తర్వాత ధైర్యం తెచ్చుకుంది. "అప్పుడు కోడలి పెట్టెల ఒక పేలిక కనవడ్డది. కొత్త కోడలి పెండ్లి పెట్టెల గసొంటిది ఉంటే ఎవలన్న చూస్తే ఏమనుకుంటరు? మా ఇంట్ల కట్టుకొననీకి బట్ట లేదనుకోరా? ఈ పిల్లకు చెప్తే చిన్నబోతదని, చప్పుడు చెయ్యక భాగమ్మకేసిన."

పేపరు మీది మట్టిని పక్కకు జరిపి ఆమె వైపు తిరిగాను.

"అత్తమ్మా," అన్నాను నెమ్మదిగా. "ఎడమ నడుము కాడ పల్చగైందా గా పేలిక? బొందు కాడ జిడ్డున్నదా?"

"ఆ. అంచు మొత్తం ముండ్లకు గీరుకపోయి..." ఆమె ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి. "గదేనా? గది సిన్మాదా? సిన్మా బట్టలంటే జిగేల్‌మనాలె గద! జరీ ఉంటది, అద్దాలుంటయి అనుకొని నేను నాలుగు దినాలసంది గసొంటిదాని కోసం లెంకుతున్న!"

"గదే, అత్తమ్మా."

"అయ్యో నా తల్లీ!" ఆమె నా పక్కన కూలబడి నా రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ళ మీద ఇటుక రుద్దిన కాయల్ని తడిమి చూసింది. "కొత్త బట్టను గంత మంచిగ పాడుజేసినవా బిడ్డా! నా కండ్లే మోసపోయినయి గదనే!"

ఏడవాలో నవ్వాలో నాకు అర్థం కాలేదు. నలభై ఏళ్ళుగా పాత బట్టలు ఉతికిన మనిషి, నా చేతి పనిని నిజమైన పేలిక అనుకుంది. మద్రాసు పెద్దావిడ ఏం చెబితే ఇంతకంటే పెద్ద మెప్పు అవుతుంది? నేను ఏడుస్తూనే నవ్వాను. అత్తమ్మ నవ్వుతూనే తనను తాను తిట్టుకుంది. మా వారు మా ఇద్దర్నీ చూసి, "గిందుకే చెప్పలే" అన్నారు. "అమ్మకు చెప్తే అమ్మ ఏడుస్తది, నీకు చెప్తే నువ్వు అమ్మతోని మాట్లాడవు. దొరకవట్టి తెచ్చి చప్పుడు చెయ్యక పెట్టెల పెడ్దామనుకున్న. సత్తు చెంబు చూసిన బుధారమే నాకు సమజైంది."

ఇంతమంచి మనిషిని దొంగ అన్నాను! సీతాఫలం గింజలు ఆయన జేబులో మళ్ళీ వేసేద్దామా అనిపించింది. ఆయన నా చూపు కనిపెట్టి, తగిలించిన సంచీలోంచి నాలుగు సీతాఫలాలు తీసి నా ఒళ్ళో పెట్టారు. "ఒకటి తీపున్నదో లేదో చూసిన. అంతే."

"లంగ దొరికిందా మరి?" అని అత్తమ్మే అడిగింది, నేను మరిచిపోయినట్టు.

"భాగమ్మ ఇయ్యాల వికారాబాదు అంగట్ల దొరికింది. లంగ దొరకలే." ఆయన సంచీలో మళ్ళీ చెయ్యి పెట్టారు. "మంగళారమే గా ఊర్లనే ఎవ్వడో తీస్కపోయిండట. కుప్పల నుంచి గదొక్కటే గుంజి తీసి, వెలుతుర్ల పెట్టి చూసి, కొత్త లంగ ఇచ్చి పాత లంగ తీస్కపోయిండట. పిచ్చోడు అనుకున్నదట భాగమ్మ. మొఖం ఎట్లున్నదే అంటే, 'మొఖాలు ఎవ్వలు చూస్తరయ్యా, నేను బట్టలు చూస్త' అన్నది."

"గా చెంబు?" అంది అత్తమ్మ అనుమానంగా.

"గది మళ్ళ భాగమ్మకే ఇచ్చిన. దానికి బదులు గీ కొత్త లంగ ఇచ్చింది." ఆయన ఒక ఎర్రటి లంగా తీసి నా చేతిలో పెట్టారు. "నీకేమన్న తెలుస్తదేమోనని తెచ్చిన. నా ప్యాంటు చూసి అంత చెప్పినవు గద, దీన్ని చూసి చెప్పు. ఎవ్వడు వాడు?"

ఒళ్ళోని సీతాఫలాలు పక్కన పెట్టి, లంగా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. బయట ఇంకా వెలుతురు ఉంది. ఎవరూ కట్టుకోని బట్ట. గంజి కూడా పోలేదు. మనిషి ఆనవాలు లేదు. మిషను కుట్టు ఎవరైనా కుట్టవచ్చు. అంచు తిప్పి చూశాను. అంచు మాత్రం చేత్తో కుట్టారు.

మాస్టారి దగ్గర చేరిన మొదటి వారం నాకు మణికట్టు నొప్పి వచ్చింది. ఆయన అంచు కుట్టి చూపిస్తే, అచ్చం అలాగే కుట్టబోయాను. పోగులు కుదరలేదు. మూడు రోజుల తర్వాత గాని తెలియలేదు, ఆయనది ఎడమచేతి వాటమని. కుడిచేత్తో కుట్టినవాళ్ళ పోగులు ఒకవైపు వాలితే, ఆయనవి దానికి ఎదురు వాలుతాయి. "ఈ కుట్టు నువ్వు నేర్సుకోకు, తాండూరుల నాకొక్కడికే ఉండనీ" అని ఆయన నవ్వారు కూడా.

నా చేతిలో ఉన్న లంగా అంచు పొడుగునా, ఒక్కటి తప్పకుండా, పోగులన్నీ ఎదురు వాలి ఉన్నాయి.

"ఏమైంది మనూ?" అన్నారు మా వారు. "మొఖం గట్ల పెట్టినవేంది?"

వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. మంగళవారం. నేను లంగా పోయిందని చెప్పింది బుధవారం. అంటే నేను మాస్టారి ముందు కూర్చుని ఏడుస్తున్నప్పుడు అది ఆయన దగ్గరే ఉంది. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పోతే పోయింది, ఊకో అన్నారు. ఇంకెవరో ఎడమచేతివాటం మనిషి కావచ్చు. వికారాబాదులో ఉండవచ్చు కదా ఒకడు. ఉంటాడు. తప్పకుండా ఉంటాడు.

అప్పుడే గేటు గడియ చప్పుడైంది.

"ఏనవ్వా మనోరమా, ఇంట్ల ఉన్నవా?"

అత్తమ్మ చెంగు సర్దుకుని "మాస్టారొచ్చిండు, రమ్మను" అంది. నేను ఎర్ర లంగా చుట్టచుట్టి, వీపు వెనక దాచుకుని గుమ్మంలోకి వెళ్ళాను. నా వెనకే మా వారు వచ్చి నిలబడ్డారు. నా చేతిలోంచి ఆ చుట్టను మెల్లగా తన చేతిలోకి తీసుకున్నారు. ఆయనకేమీ తెలియదు, అయినా తీసుకున్నారు.

మాస్టారు గేటు లోపలికి రాలేదు. అక్కడే నిలబడ్డారు.

"లంగ దొరికిందా?"

నేను జీవితంలో మొదటిసారి గురువుతో అబద్ధమాడాను. "లేదు మాస్టారూ. దొరకలే."

"హూఁ." ఆయన గడ్డం నిమురుకున్నారు. "అట్లయితే రేపు నువ్వు అనంతగిరికి రాకవ్వా. చేతిల ఏం లేకుండ వచ్చి ఏం జేస్తవ్? నేనొక్కడినే పోయి, ఆమెకు నాలుగు మాటలు చెప్పొస్త."

"సరే మాస్టారూ," అన్నాను.

ఆయన ముఖం వైపు నేను చూడలేదు. ఆయన నేర్పినట్టే, బట్టలు చూస్తున్నాను. పంచె మీద ఆయన మద్రాసు కోటు తొడుక్కుని ఉన్నారు. ఇస్త్రీ చేసి, దుమ్ము దులిపి ఉంది. పై నుంచి కిందికి లెక్కపెట్టాను.

నాలుగు గుండీలూ ఉన్నాయి.